కరిగింది ఎక్కడికీ పోలేదు

పట్టాలు పుచ్చుకుంటున్న మీ అందరికీ అభినందనలు. ఇలాంటి వేదిక మీద దేశ భవిష్యత్తు గురించి మాట్లాడటం ఆనవాయితీ. నా చూపు అంత దూరం ఆనదు. నా ఉద్యోగమంతా నీళ్ల సీసాల మధ్యే గడిచింది. తాగునీటి ల్యాబులో మొదలుపెట్టి, మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల దగ్గర రిటైరయ్యాను. అందుకని నీళ్ల గురించి, వాటిలో కరిగేవాటి గురించే చెబుతాను. కెమిస్ట్రీ అంటే గిట్టనివాళ్లు కాసేపు ఓర్చుకోండి.

ఇవాళ బంగారు పతకాలు అందుకున్నవాళ్లకు ముందుగా ఒక కథ. 1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం కోపెన్‌హాగెన్‌లో దిగింది. అక్కడ నీల్స్ బోర్ సంస్థలో మాక్స్ ఫాన్ లావే, జేమ్స్ ఫ్రాంక్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల నోబెల్ పతకాలు దాచి ఉన్నాయి. హిట్లర్ పాలనలో జర్మనీ నుంచి బంగారం బయటికి పంపడం పెద్ద నేరం. పతకాల మీద పేర్లేమో చెక్కి ఉన్నాయి. పాతిపెడదామంటే బోర్ ఒప్పుకోలేదు, తవ్వితే దొరుకుతాయని. అప్పుడు ఆ సంస్థలోనే పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త జార్జ్ డి హెవెషీ వాటిని ఆక్వా రీజియాలో వేశాడు. మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఒక వంతు నైట్రిక్ ఆమ్లం కలిపితే వచ్చేదది. బయట వీధుల్లో సైన్యం కవాతు చేస్తోంది, లోపల బంగారం మెల్లగా కరుగుతోంది. ఆ ద్రావణం ఉన్న సీసా యుద్ధమంతా అక్కడే ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. యుద్ధం ముగిశాక బంగారాన్ని ద్రావణంలోంచి తిరిగి రాబట్టి స్టాక్‌హోమ్ పంపితే, నోబెల్ ఫౌండేషన్ మళ్లీ పతకాలు పోయించి ఇచ్చింది. మీరు మాత్రం ఇంటికెళ్లి ఈ ప్రయోగం చెయ్యకండి. మీ పతకాల్లో బంగారం ఎంతుందో రిజిస్ట్రార్ గారికి తెలుసు.

కంటికి కనపడలేదంటే లేనట్టు కాదని హెవెషీకి తెలుసు. మనకే తెలియడం లేదు. నా బెంగంతా అదే.

ఉప్పు నీళ్లలో ఎలా కరుగుతుందో ఇంటర్లో చదువుకునే ఉంటారు. మరిచిపోయినవాళ్ల కోసం మళ్లీ చెబుతాను. నీటి అణువు వంగి ఉంటుంది. ఆక్సిజన్ వైపు కాస్త ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. ఉప్పు స్ఫటికం అంచున ఉన్న సోడియం అయాన్‌ను ఈ అణువులు ఆక్సిజన్ మొహం పెట్టి చుట్టుముట్టి, అప్పగింతల వేళ అత్తవారివైపు బంధువులు పెళ్లికూతుర్ని కారెక్కించినట్టు లాక్కుపోతాయి. క్లోరైడ్ దగ్గరికొస్తే హైడ్రోజన్ల మొహం పెడతాయి. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లలో సుమారు 36 గ్రాముల ఉప్పు పడుతుంది. నీళ్లు మరిగించినా సుమారు 39 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. పంచదారకైతే అంత మొహమాటం లేదు, మామూలు నీళ్లలోనే 200 గ్రాముల దాకా కరుగుతుంది. పైగా అది అయాన్లుగా విడిపోదు, అణువు అణువుగానే ఉంటుంది.

ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. మీలో సగంమంది ఇళ్లలో నీళ్లలో కరిగినవాటిని లెక్కగట్టే పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది. దాన్ని గ్లాసులో ముంచి, అంకె చూసి, నీళ్లు స్వచ్ఛమని తీర్పిచ్చేస్తారు. నాయనా, అది కొలిచేది విద్యుత్ వాహకత. డిస్టిల్డ్ వాటర్‌లో ఎంత పంచదార కలిపినా దాని అంకె దాదాపు కదలదు. చాలా పురుగుమందులకూ అదే సంగతి. డిగ్రీ తీసుకుని కూడా ఈ మీటరు చూసి మురిసిపోతే నాకు ఒళ్లు మండుతుంది.

ల్యాబులో మేము చేసే పద్ధతి వేరు. నీళ్లు వడగట్టి, తూచిన పింగాణీ గిన్నెలో పోసి ఆవిరి చేసి, 180 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టి, డెసికేటర్లో చల్లార్చి మళ్లీ తూస్తాం. అడుగున తెల్లటి పొర, అంచున ఉంగరంలాంటి మరక కనిపిస్తాయి. ఒకసారి నల్గొండ వైపు నుంచి నడుం వంగిపోయిన ఒక పెద్దాయన సీసాతో బోరు నీళ్లు తెచ్చి, ‘అద్దంలా ఉన్నయి సారూ, వీటికేం రోగం?’ అన్నాడు. ఫ్లోరైడ్ చూస్తే, తాగునీటికి గరిష్ఠంగా అనుమతించే లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు బాగా పైన ఉంది. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి దిగుతుందది. నీళ్లలో కాల్షియం తక్కువుంటే మరింత నిలుస్తుంది. ఇంట్లో రోజూ కాచి వడబోసే తాగుతున్నామని చెప్పాడు. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని గాఢత పెరుగుతుంది. ఆయనకు ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. అందులోనూ ఫ్లోరైడ్ బురదలోకి చేరుతుంది, అంతే. ఆ బురద ఎక్కడ పోస్తారన్నది తర్వాతి ప్రశ్న.

తర్వాత ఒక ఫ్యాక్టరీలో చేరాను, పేరు అక్కర్లేదు. బయటికి వదిలే నీళ్ల శాంపిల్ పరిమితి దాటింది. ‘రెండు ట్యాంకర్ల మంచినీళ్లు కలిపించి మళ్లీ శాంపిల్ తీయండి’ అన్నాడు మా పైఅధికారి. ఆయన కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాసు. లీటరులో 10 మిల్లీగ్రాములుంటే, తొమ్మిది లీటర్లు కలిపినప్పుడు లీటరుకు ఒక మిల్లీగ్రామే వస్తుంది. రిపోర్టు పాసవుతుంది. చెరువులోకి మాత్రం ఆ 10 మిల్లీగ్రాములూ పోతాయి. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. నెల తిరక్కుండా నన్ను వేరే సెక్షన్‌కు మార్చారు. అక్కడికి క్యాంటీన్ దగ్గర, కాబట్టి పెద్దగా బాధ పడలేదు.

ఇది మా ఒక్క ఫ్యాక్టరీ గొడవే కాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగనిదేగా!

మీలో కొందరు నీళ్లు పరీక్షించే ల్యాబుల్లోనే చేరతారు. రిపోర్టులో గాఢతకు ఒక గడి ఉంటుంది. దాని పక్కనే రోజుకు ఎన్ని వేల లీటర్లు పోతున్నాయో రాసే గడి కూడా ఉండాలని పట్టుబట్టండి. లేకపోతే పెన్నుతో గీసి మీరే కలపండి. అది ఖాళీగా ఉంచి సంతకం పెట్టమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి రండి. అడ్రసు మీ యూనివర్సిటీ వాళ్ల దగ్గర ఉంది. పొద్దున పదింటి తర్వాత నాకు ఏ పనీ ఉండదు.