దీపం వెలిగింది, తెర వెలగలేదు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట కంప్యూటర్ రిపేరు గొడవేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నా కంప్యూటర్ ఆగిపోయేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

రెండేళ్ల క్రితం వానాకాలంలో ఓ ఉదయం ఇంట్లో కంప్యూటర్ బటన్ నొక్కాను. దీపం వెలిగింది. లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఏడేళ్లుగా నేను సేకరించిన ఇంటర్వ్యూలు అందులో ఉన్నాయి. పేరు బయటికి రాదన్న నమ్మకంతో, తమ ఇళ్లలో జరిగిన హింస గురించి స్త్రీలు నాతో చెప్పుకున్న మాటలవి. రిపేరు షాపు నుంచి వచ్చిన అబ్బాయి గుమ్మంలోనే "సార్ లేరా మేడం?" అన్నాడు. పెట్టె విప్పకుండానే "మదర్‌బోర్డు పోయింది. షాపుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టాలి" అని తేల్చేశాడు. రెండు రోజులు ఆగమన్నాను.

నిదానంగా ఆలోచిస్తే ఆ మాటల్లోనే పొంతన లేదని తెలిసింది. ఫార్మాట్ అంటే హార్డ్ డిస్కులో ఉన్నదాన్ని తుడిచెయ్యడం. బోర్డు చెడిపోతే డిస్కును తుడవడంవల్ల ఒరిగేదేముంది? జబ్బు ఒకచోట, కోత ఇంకోచోట. ఆ కోతలో పోయేది మాత్రం మన కాగితాలే.

కంప్యూటర్ లేవడానికి ఒక వరుస ఉంది. ముందు కరెంటు అందాలి. తర్వాత యంత్రం ర్యామ్, తెరకు బొమ్మ పంపే భాగం వగైరాలు ఉన్నాయో లేదో తనకు తానే చూసుకుంటుంది. అవన్నీ సరిగ్గా ఉంటేనే డిస్కు దగ్గరికి పోయి విండోస్‌నో లినక్స్‌నో పిలుస్తుంది. ఏ మెట్టు మీద ఆగిందన్నదే అసలు ప్రశ్న. నా యంత్రం తయారీదారు బొమ్మ కూడా చూపలేదు కాబట్టి డిస్కు దాకా వెళ్లే ఉండదని అనుకున్నాను. ముందుగా మానిటర్‌కు కరెంటు వస్తోందా, కేబుల్ ఊడిందా అని చూశాను. బాగానే ఉన్నాయి. ప్లగ్గు పీకి, బటన్ ఒకసారి నొక్కి వదిలి, పెట్టె ఇనుప అంచును చేత్తో తాకి (ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు చిప్పులను కాల్చేస్తుంది) ర్యామ్ బయటికి తీశాను. జడపిన్నుల అట్ట అంత ఉంటుంది. బంగారు రంగు అంచు మసకబారి ఉంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రెండువైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టాను. తెర వెలిగింది. మన వానలకీ దుమ్ముకీ ఇది మామూలేనట.

"సార్ లేరా" అన్న మాట మాత్రం చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులున్న ఆ యంత్రానికి పని నేర్పినవాళ్లు ఆరుగురు స్త్రీలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. యంత్రం పటాలు చేతికిచ్చి చూసి నేర్చుకోమన్నారు. లోపం వస్తే అది ఏ ట్యూబు దగ్గరో పట్టుకునేటంతగా నేర్చుకున్నారు. ప్రదర్శన అయ్యాక జరిగిన విందుకు వాళ్లకు పిలుపు లేదు.

ఇక మిగిలిన మెట్లు. తయారీదారు బొమ్మ వచ్చి, తర్వాత బూట్ అవడానికి ఏమీ దొరకలేదని ఇంగ్లీషులో రాస్తే, మరిచిపోయిన పెన్ డ్రైవ్ ఏదైనా గుచ్చి ఉందేమో చూడండి. గడియారం ప్రతిసారీ పాత తేదీకి పోతుంటే బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే 3 వోల్టుల సెల్లు అయిపోయినట్టు. సీఆర్ 2032 అని అడిగితే ఇస్తారు. డిస్కు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడొస్తే మాత్రం వెంటనే ఆపెయ్యండి, మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకండి. కరెంటు తీగలు వచ్చే ఇనుప డబ్బాను ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు తీశాక కూడా అందులో షాకు కొట్టేంత విద్యుత్తు మిగిలి ఉంటుంది.

రిపేరుకి ఇవ్వక తప్పకపోతే పెట్టెను ఇవ్వండి, డిస్కును ఇవ్వకండి. బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్లలో సాధారణంగా అది రెండు తీగలు, నాలుగు స్క్రూల పని. పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యపడవద్దు. ప్రత్యేకంగా తాళం వెయ్యని డిస్కును వేరే యంత్రానికి తగిలిస్తే ఎవరైనా చదవవచ్చు. మన కేసు రిజిస్టర్లు, బాధితుల ఫొటోలు ఎవరి బల్ల మీద తెరుచుకుంటాయో ఊహించండి.

చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో తాళం దానంతటదే పడుతుంది. అది మంచిదే, కాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? మా దగ్గరికి వచ్చిన ఒకామె ల్యాప్‌టాప్ బోర్డు మార్చిన తర్వాత 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్కు నిక్షేపంగా ఉంది. కొన్నరోజున ల్యాప్‌టాప్‌ను భర్త తన ఖాతాతో మొదలుపెట్టాడు, కీ ఆ ఖాతాలోనే ఉంది. ఆమె ఇల్లు వదిలి వచ్చిందే అతని మీద ఫిర్యాదుతో. దెబ్బల ఫొటోలు ఇప్పటికీ ఆ డిస్కులోనే ఉన్నాయి, మేం తెరవలేకపోయాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి వాటి ప్రతులకు ధ్రువపత్రం కావాలి. అందుకని అసలు డిస్కును పారెయ్యకుండా దాచాం.

మీ యంత్రం ఎవరి ఖాతాతో మొదలైందో ఇవాళ ఇంటికెళ్లి చూడండి. మీ ఖాతా అయితే ఆ 48 అంకెలు కాగితం మీద రాసి, ఇంట్లో కాకుండా నమ్మకమైన చోట ఉంచండి.

భోజనాల తర్వాత ఆ మూలనున్న పాత కంప్యూటర్ విప్పుదాం. స్టార్ స్క్రూడ్రైవర్లు నాలుగున్నాయి, రబ్బరు ముక్కలు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. లోహపు గాజులు తీసి పక్కన పెట్టండి.