దేహంలోని సందేశవాహకులు – రోగికి లభించిన సడలింపు



మన దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. రమజానుకు సిద్ధపడుతున్న ఈ దినాలలో, ఆ అమానతులోని ఒక సూక్ష్మమైన ఏర్పాటును గురించి యోచిద్దాం.

మనం భుజించిన అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. అప్పుడు క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను విడుదల చేస్తాయి. ఇన్సులిన్ గ్లూకోజును మోసుకొనిపోదు. కండరకణం పైపొరలోని గ్రాహకాన్ని తాకి లోపలికి కబురు అందిస్తుంది. ఆ కబురుతో కణం గ్లూకోజుకు ద్వారాలు తెరుస్తుంది. ఉపవాస వేళ చక్కెర తగ్గగానే ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను పంపుతాయి. కాలేయం తన నిల్వను కరిగించి ఇస్తుంది. ఒకటి దాచమంటుంది, మరొకటి ఇమ్మంటుంది, సమతూకం నిలుస్తుంది.

రెండవ రకం మధుమేహంలో కబురు వస్తూనే ఉంటుంది, కణాలే దానిని సరిగా ఆలకించవు. నిద్రలేమి ఈ మొండితనాన్ని మరింత పెంచుతుంది. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ స్టూడియోలలో రాత్రి షూటింగులకు లైట్లు మోసేవారి, వాహనాలు నడిపేవారి జీవనం మనకు తెలియనిది కాదు: తెల్లవారేదాకా మేలుకోవడం, వేళకాని భోజనం, నిద్ర ఆపుకోవడానికి టీ మీద టీ. ఆ పని మానితే వారి ఇల్లు గడవదు. అయితే తిన్న తరువాత కొంతసేపు నడవడం వారి చేతిలో ఉంది. కదిలే కండరం ఇన్సులిన్ కబురుకై వేచియుండక తానే గ్లూకోజును స్వీకరిస్తుంది.

ఇక ఉపవాసం మాట. క్లోమం ఇచ్చే ఇన్సులిన్ చక్కెర తగ్గగానే తానూ తగ్గుతుంది. సూదితో ఎక్కించుకొన్నది అలా తగ్గదు. అందుచేత ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి పగటివేళ చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు దాని సూచనలు. 70 మిల్లీగ్రాముల కన్న దిగితే ఉపవాసం విరమించవలసినదేనని వైద్యులు చెబుతారు.

రోగి ఆ దినాలను తరువాత పూర్తిచేసుకొనే సడలింపును దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా ఇచ్చింది. కోలుకొనే ఆశ లేనివారు బదులుగా పేదలకు అన్నం పెట్టాలని ధర్మవేత్తలు వివరించారు. అయినను మన ఇళ్లలో ఎందరో పెద్దలు నలుగురూ ఏమనుకొంటారో అని జబ్బును దాచి ఉపవాసం పాటిస్తున్నారు. సోదరులారా! వారిని నిందించకండి, రమజానుకు ముందే వైద్యుని వద్దకు తీసుకొనిపొండి. ప్రభువు కరుణతో ఇచ్చిన సడలింపును స్వీకరించడం కూడా విధేయతయే.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మనకు వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.