నెమ్మి, నెమలి, మయూరము
(పఠనమందిరమున గావించిన ప్రసంగపాఠము)



ఒక పక్షి పేరును గూర్చి యింత సభ యేలయని మీలో కొందరికి దోచవచ్చును. మాట చిన్నదే. కాని యొక జాతి దేనిని కన్నులార జూచినదో, దేనిని చెవులార విన్నదో తెలుపునది దాని మాటయే గదా! కావున నెమలి యను మాటను గూర్చి నాలుగు పలుకులు మనవి చేయుచున్నాము.

సంస్కృతమున నీ పక్షికి గల పేర్లను అమరసింహుడు కూర్చి యుంచినాడు. పింఛము గలది గాన బర్హి. సిగ గలది గాన శిఖి. కంఠము నీలమగుటచే నీలకంఠము. పాములను దినుటచే భుజంగభుక్కు. ఉరుము విని యాడుటచే మేఘనాదానులాసి. ఇవి వట్టి పర్యాయపదములు గావు. ఒక్కొక్కటి యొక్కొక్క చూపు. మయూర శబ్దమునకు నేలపై గూయునదియని వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చెప్పిరి. ద్రావిడుల మయిల్ అను పదమే దానికి మూలమని భాషాశాస్త్రజ్ఞులు పలువురు తలంచుచున్నారు. మన నెమలియు కన్నడుల నవిలును తోబుట్టువులు. మన ప్రాతమాట నెమ్మికి నెమలియు నర్థమే, ప్రేమయు నర్థమే.

ఈ పక్షి సముద్రములు దాటినది. వర్తకులు నెమలిని గొనిపోగా బావేరు దేశమున నంతవరకు మన్ననలందిన కాకికి మర్యాద తప్పెనని బౌద్ధజాతకము చెప్పుచున్నది. సొలొమోను రాజునకు ఓడలు దెచ్చిన వస్తువులలో హీబ్రూ గ్రంథము పేర్కొన్న తుక్కి, తమిళుల తోకై యేయని కాల్డ్వెల్ మొదలగు పండితుల మతము. మన యింటి తోక దానికి చుట్టమే. తన వంటశాలకు రెండు నెమళ్లను, ఒక లేడిని మాత్రమే చంపుచున్నారనియు, ఇకమీదట నవియు చంపబడవనియు అశోకుడు మొదటి శిలాశాసనమున జెప్పెను. ఆ శాసనపు ప్రతి కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి బండలమీద నేటికిని గలదు.

ఇక కావ్యములు. వాల్మీకి రాముడు పంపాతీరమున ఆడు నెమలిని జూచి, దీని ప్రియురాలిని రాక్షసుడెవడును గొనిపోలేదు గదాయని లక్ష్మణునితో వగచెను. అచ్చట నెమలి యలంకారము గాదు, గాయము. తరువాత కొందరి చేతులలో నది వట్టి కవిసమయమైపోయినది. మబ్బు పట్టిన దన్నచో పద్యమున నెమలి పురి విప్పక తప్పదు. అది యాడునది పెంటిని మెప్పించుటకనియు, ఆ యీకలు తోకవి గాక తోకపై వీపున మొలచినవనియు, వానలు వెళ్లినపిదప నవి రాలిపోవుననియు జూచి వ్రాసినవారెందరు? చూడని మాట చచ్చిన మాట.

1963లో నెమలి మన జాతీయపక్షి యయ్యెను. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము పక్షిని గాపాడుచున్నది. నెమ్మిని గాపాడు చట్టమేది? పుస్తకమున నెమలీకను దాచి, పిల్లలు పెట్టునని కాచుకొనిన బాలురమే మనమందరము. ఆ పుస్తకములోని మాటను మాత్రము దాచుకొనమైతిమి. సంస్కృతము వలదని మేమనము. శిఖియు గావలయును, నెమ్మియు గావలయును. ఏ మాట యే చూపునుండి పుట్టినదో యెరిగి వాడవలయునని మాత్రమే మా ప్రార్థన.

శాకుంతలము సప్తమాంకమున మట్టి నెమలిని జూపి, శకుంతలావణ్యము, అనగా పక్షి సొగసు చూడుమని తాపసి పలుకును. బాలుడు బొమ్మను జూడడు. ఆ మాటలో తల్లి పేరు విని, అమ్మ యేదియని వెదకును. పక్షి పేరులో తల్లిని వినగల చెవి యా శిశువునకుండెను. మన బిడ్డలకు నట్టి చెవి యుండవలెనన్నచో ముందుగా మన నోట నా మాట యుండవలయును.