రుణపత్రంలో ఊరి చోటు



1956 దాకా ఈ ఆవర్‌పూర్ నేల ఆదిలాబాద్ జిల్లా రాజురా తాలూకాలోది. రాష్ట్రం ఎల్ల మారింది గాని ఇళ్లలో తెలుగు మాట మారలేదు. సిమెంటు కర్మాగారం పక్కన బతుకుతున్న ఆవర్‌పూర్ వాళ్లకు 'జనసునావణి' అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. సున్నపురాయి గని విస్తరించాలంటే ఊరి ముందు కుర్చీలు వేసి ప్రజల మాట వినాలి. అదే పక్క చేలల్లో సోలార్ పలకలు వేస్తే ఆ సభ అక్కరలేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో సౌర, పవన విద్యుత్తు లేవు. పొగ లేదు కదా అని వదిలేశారు. చట్టం తప్పుకున్న చోట గట్టిగా ప్రశ్నించగలిగేవాడు అప్పిచ్చేవాడే. అతను ప్రశ్నించడం ఎలా నేర్చుకున్నాడో చెప్పడానికే వచ్చాను.

తనంతట తాను నేర్చుకోలేదు. ప్రపంచ బ్యాంకు 1980లోనే నిర్వాసితుల విధానం రాసుకుంది. దాన్ని బీరువాలో పెట్టి 1985లో నర్మద మీది సర్దార్ సరోవర్ ఆనకట్టకు 45 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. నర్మద లోయ జనం ఊరుకోలేదు. బ్యాంకు తన నియమాలను తానే పాటించలేదని 1992లో స్వతంత్ర సమీక్ష జరిపిన మోర్స్ కమిషన్ నివేదిక తేల్చింది. మరుసటి మార్చిలో మన ప్రభుత్వం మిగిలిన అప్పు వద్దంది. 1993లోనే, బాధితులు నేరుగా ఫిర్యాదు చేసుకునే తనిఖీ మండలి పుట్టింది. సర్దార్ సరోవర్‌లోనూ జలవిద్యుత్తు ఉంది, అంటే ఈనాటి లెక్కలో అదీ పునరుత్పాదకమే. పచ్చటి కరెంటుకు పాపం అంటదని నమ్మేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఆ సెగ ప్రైవేటు బ్యాంకులకూ తగిలింది. 2003 జూన్‌లో పది బ్యాంకులు, పర్యావరణ, సామాజిక ముప్పు చూసి అప్పివ్వాలనే ఈక్వేటర్ సూత్రాలను ఒప్పుకున్నాయి. 2006లో ప్రపంచ బ్యాంకు కూటమిలోని ఐఎఫ్‌సీ ఎనిమిది ప్రమాణాలు ప్రకటించి, 2012లో సవరించింది. ఎనిమిదీ వల్లించను, అయిదోదాని దగ్గర ఆగుతాను. పట్టా లేని సాగుదారుకు భూమి ధర రాకపోయినా, అతను పెంచిన చెట్లకు, తవ్విన బావికి పరిహారం ఇవ్వాలి, బతుకుదెరువు మళ్లీ నిలబెట్టాలి అంటుంది అది. సివాయిజమా సాగు అంటే తెలిసినవారికి ఈ వాక్యం విలువ తెలుస్తుంది. తరాలుగా దున్నినా రికార్డుల్లో అది ప్రభుత్వ భూమే.

ఈ చిక్కు సోలార్ పార్కుల్లోనూ ఉంది. నాటి కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు 6000 ఎకరాలు. అంత నేలలో పట్టా ఎవరిది, అనుభవం ఎవరిది, మేత ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు ఒకే కాగితంలో జవాబు దొరకదు. అనంతపురం వైపు కల్పవల్లి సంగతి ఇంకా బాధాకరం. రెవెన్యూ లెక్కల్లో బంజరుగా ఉన్న గుట్టలను టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా అక్కడి ఊళ్లవాళ్లు 1990లలో కాపాడి, గడ్డి, చెట్లు తిరిగి మొలిపించారు. ఆ గుట్టల మీదికే గాలిమరలొచ్చాయి. వాటిని చేర్చడానికి కొండ కోసి దారులు వేశారు. గొర్రెలకాపరులకు మేత తగ్గింది, వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. గాలిమరలు వద్దని నేను అనను. బంజరు అన్న ముద్రను నమ్మి గుట్ట ఎక్కి చూడకపోవడమే తప్పంటాను.

మన బ్యాంకుల మాటేమిటి? 2013లో ఐడీఎఫ్‌సీ దేశంలో అందరికన్నా ముందు ఈక్వేటర్ సూత్రాల్లో చేరింది. ఆ దారిన వెళ్లినవారు తక్కువ. రిజర్వు బ్యాంకు 2015లో పునరుత్పాదక విద్యుత్తు రుణాలను 15 కోట్ల పరిమితితో ప్రాధాన్య రంగంలో చేర్చి, 2020లో 30 కోట్లకు పెంచింది. ఎంతవరకు ప్రాధాన్య రుణమో తేలింది. ఎవరి నేల మీద అన్న ప్రశ్నకు అంత పట్టింపు రాలేదు.

రేపు కోర్పనా తాలూకాలో ఎవరైనా సోలార్ పలకల కోసం పాతికేళ్ల కౌలు కాగితం పట్టుకొస్తే ఎకరాకెంత అని అడుగుతారు, అడగాలి కూడా. దాంతోపాటు అప్పు ఏ బ్యాంకుదో అడగండి. ఐఎఫ్‌సీ ప్రమాణాలకు కట్టుబడినదైతే, ముప్పు అంచనా మీకు అర్థమయ్యే భాషలో చెప్పించాలి, ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ఉంచాలి. కట్టుబడనిదైతే ఆ రెండు షరతులూ గ్రామసభ తీర్మానంలో మీరే రాయించుకోవాలి, కౌలు పత్రం మీద వేలిముద్ర పడకముందే.