సంతకం ఒకచోట, ఓటు ఒకచోట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే నెల మన శాఖకు ఎన్నికలు. అభ్యర్థుల పేర్లు ఇప్పటికే టీ కొట్ల దగ్గర నలుగుతున్నాయి. అందుకని కార్యదర్శిగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. మన జిల్లా పెద్దమనిషికి జరిగిన ఒక సంగతి, నేను చేసిన ఒక తప్పు, ఈ రెండూ చెప్పి కూర్చుంటాను.

1969లో నేను తాడిపత్రి తాలూకా ఆఫీసులో కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. ఆ ఏడు మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే కాలధర్మం చెందారు. జులైలో కాంగ్రెసు పెద్దలు బెంగుళూరులో సమావేశమయ్యారు. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్ రాం పేరు చెప్పారు. నిజలింగప్ప, కామరాజ్ వంటి వారిది వేరే ఆలోచన. పార్లమెంటరీ బోర్డులో ఓటుకు పెడితే నలుగురు నీలం సంజీవరెడ్డి గారి వైపు, ఇద్దరు జగ్జీవన్ రాం వైపు నిలిచారు. ఆ ఇద్దరిలో ఒకరు స్వయానా ప్రధాని.

మన ఇల్లూరు మనిషి, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి రాష్ట్రపతి కాబోతున్నారని మా ఆఫీసులో అందరికీ సంబరం. మా నాయన చేలో పని వదిలి, పేపరు చదివించుకోడానికి ఊళ్లోకి వచ్చేవాడు.

తర్వాత వారం రోజుల్లో ఎత్తుకు పైఎత్తు పడింది. జులై 16న మొరార్జీ దేశాయ్ చేతి నుంచి ఆర్థికశాఖ పోయింది. 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. సంజీవరెడ్డి గారు పోటీ కోసం లోక్‌సభ స్పీకరు పదవి వదిలారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు కూడా రాజీనామా ఇచ్చి స్వతంత్రంగా నిలబడ్డారు. ఆయనా బరంపురంలో పుట్టిన తెలుగువారే.

సంజీవరెడ్డి గారి నామినేషన్ పత్రం మీద ఇందిరాగాంధీ సంతకం ఉంది. అయినా ఓటు ఫలానా వారికే వేయాలని విప్ ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. నిజలింగప్ప జనసంఘం, స్వతంత్ర పార్టీలను రెండో ప్రాధాన్యపు ఓట్లు అడిగారన్నది ఆమె వర్గం చెప్పిన కారణం. ఎవరి అంతరాత్మ ప్రబోధం ప్రకారం వారు ఓటేయవచ్చునన్నారు. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యంలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్ గారికి 1,12,769. రెండో ప్రాధాన్యాలు కలిశాక గిరి గారు 4,20,077, సంజీవరెడ్డి గారు 4,05,427. తేడా 14,650. నవంబరు నాటికి కాంగ్రెసు రెండు ముక్కలైంది.

రేడియోలో వార్త విని మా నాయన ఒకటే మాటన్నాడు: "ఓడిపోతే పోనీలే. సంతకం పెట్టిన చెయ్యి కదా అది!"

ఆ మాటకు నేనూ తలూపాను. మరుసటి ఏడే ఆ పనే చేశాను.

1970లో మా ఉద్యోగుల సంఘం శాఖకు ఎన్నికలొచ్చాయి. నా పక్క సీటులోని సీనియరు గుమాస్తా అధ్యక్ష పదవికి నిలబడ్డారు. నాకు డ్రాఫ్టు రాయడం నేర్పినాయన. ఆయన పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది నేనే. ఎన్నిక ముందు రాత్రి అవతలి వర్గం వాళ్లు మా ఇంటికొచ్చారు. మా అమ్మకు అప్పుడు ఒంట్లో బాగుండేది కాదు. "నీకు బదిలీ రాకుండా చూస్తాం, ఓటు మాత్రం మాకు" అన్నారు. పొద్దున్నే వెళ్లి వాళ్లకే వేశాను. రహస్య ఓటు కదా, ఎవరికి తెలుస్తుంది?

ఆయన రెండు ఓట్లతో ఓడిపోయారు. లెక్క చూడండి. నా ఓటు ఆయనకే పడి ఉంటే సమానమయ్యేది. ఆ సాయంత్రం నన్ను హోటలుకు తీసుకుపోయి కాఫీ ఇప్పించి, "నువ్వొక్కడన్నా నాతో నిలిచినావప్పా" అన్నారు. ఆ కాఫీ ఎలా మింగానో నాకే తెలుసు.

ఇందిరాగాంధీ చేసింది తప్పా ఒప్పా అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. ఆమెకు చెప్పుకోడానికి ఒక వాదమన్నా ఉంది. నాది అంతరాత్మ కాదు, బదిలీ భయం. సంజీవరెడ్డి గారికి కాలం కలిసొచ్చింది. 1977లో మన రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకు పోతే, నంద్యాల నుంచి ఆయనొక్కరే జనతా పక్షాన గెలిచారు. ఆ జులైలోనే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. నా మిత్రునికి అలాంటి రెండో అవకాశం రాలేదు. మళ్లీ ఆయన ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ చెబుదామనుకున్నాను, చెప్పలేదు. ఇప్పుడాయన లేరు. ఆయన శ్రీమతిగారు కుటుంబ పెన్షను తీసుకుంటూ మన సంఘంలో సభ్యురాలుగా ఉన్నారు. అమ్మా, ఆ ఓటు నేను వేయలేదు. క్షమించండి.

మిత్రులారా, వచ్చే నెల ఎవరికి ఓటేస్తారో మీ ఇష్టం. కాని ఎవరి నామినేషన్ మీదైనా సంతకం పెట్టే ముందు ఒక రాత్రి ఆలోచించండి. మనసు లేకపోతే "నా ఓటు నీకు లేదప్పా" అని ఎదురుగానే చెప్పండి. ఆ పూటకు కోపం వస్తుంది, నాలుగు రోజుల్లో పోతుంది. చెప్పకుండా దాచుకున్నది మాత్రం యాభై ఏళ్లు దాటినా నన్ను వదల్లేదు.