1948కి పూర్వము



 ఎవరి పేర ఈ ఉపన్యాసనిధి వెలసినదో ఆ పెద్దలు మహాపండితులని మీరందఱు నెఱుగుదురు. ఎరువు తీసికొనిన పుస్తకమును అంచులనిండ ఆక్షేపణలతో నింపి మఱి తిరిగి యిచ్చెడివారని నేనెఱుగుదును. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ఆరంభమును గూర్చిన నా వ్యాసమొకదాని ప్రక్కన వారు ఎఱ్ఱసిరాతో 1948 అని దిద్ది పంపిరి. నేనా దిద్దుబాటును స్వీకరింపలేదు. గురుతుల్యులతోడి తగవును వారి పేరిటి వేదికపైననే కొనసాగించుట అపచారము కాదని నా నమ్మకము.

1948లో దక్షిణాఫ్రికా ఎన్నికలలో మలాన్ నాయకత్వపు నేషనల్ పార్టీ గెలిచినది, 1950లో జాతులవారీగా జనుల నమోదు, నివాస ప్రాంతముల విభజన శాసనములైనవి, షార్ప్‌విల్‌లో పోలీసు తూటాలకు 69 మంది కూలిరి, మండేలా చెఱనుండి వెలువడెను, 1994లో అందఱును ఓటు వేసిరి. ఈ కథ పాఠ్యపుస్తకములలో నున్నది. దానితో మీ కాలము హరింపను.

ఆ కథను 1948లో నారంభించువారు, వర్ణవివక్షను డచ్చి సంతతి బోయరుల మతమౌఢ్యమునకు అంటగట్టి, ఆంగ్లేయులను చేతులు కడిగికొని పోనిత్తురు. నల్లవారు భూమి కొనదగిన ప్రాంతమును దేశమున ఇంచుమించు 7 శాతమునకు కుదించిన భూచట్టము 1913 నాటిది. అది చెదురుమదురు శాసనమే గాని వ్యవస్థ కాదందురా? అట్లయిన ఆంగ్లేయుల పట్టణమైన డర్బనునకు రండు. శ్వేతజాతీయులకును భారతీయులకును నడుమ ఆస్తి చేతులు మాఱకుండ 1943లో చట్టము చేసినదియు, 1946లో భారతీయుల భూవసతికి హద్దులు గీసినదియు ప్రధాని స్మట్సు ప్రభుత్వమే. ఆ స్మట్సే 1945లో ఐక్యరాజ్యసమితి శాసనపత్రపు పీఠిక రచనయందు పాలుపంచుకొనినవాడు! ఆ 1946 చట్టమునకు నిరసనగా డర్బనులో గేల్ వీథి మూలనున్న ఖాళీ స్థలమున గుడారములు వేసి రెండు వేలకు పైబడిన సత్యాగ్రహులు కారాగృహమున కేగుటయు, భారత ప్రభుత్వము వర్తకసంబంధము త్రెంచుకొని ఆ సమితి యెదుట ఫిర్యాదు చేయుటయు, మలాన్ గద్దె నెక్కుటకు పూర్వమే జరిగినవి.

1946 చట్టము భారతీయులకు శాసనసభలో ప్రాతినిధ్యము నిచ్చినదనియు, మలాన్ దానిని ఊడబెఱికెననియు ప్రతిపక్షులు ఆక్షేపింతురు. ఇచ్చినది శ్వేతప్రతినిధులను, భారతీయులు దానిని బహిష్కరించిరి. మలాన్ ఆ భాగమును తీసివైచి, భూమికి గీసిన గీతను మాత్రము విడువక, 1950లో సర్వజాతులకును విస్తరించెను. ఆ విస్తృతియు, దాని క్రూరతయు 1948 తరువాతివే. దానిని నేను కాదనుట లేదు. గీత గీచిన చేయి ఎవరిదన్నదే నా ప్రశ్న.

నా వాదమునకు కడపటి సాక్షి స్వతంత్ర దక్షిణాఫ్రికాయే. 1994 నాటి భూహక్కుల పునరుద్ధరణ చట్టము, కోల్పోయిన భూమికై అర్జీ పెట్టుకొనుటకు, 1913 జూన్ 19 తరువాతి అపహరణలను గణించినది. బాధితుల శాసనసభయే 1948ని మొదలుగా నొప్పుకొననప్పుడు మనకెందుకా పట్టుదల?

ఇందు మనవారి పాలును కలదు. 1860లో మదరాసునుండి డర్బను చేరిన ట్రూరో నౌక మొదలుకొని విశాఖపట్టణము, ఉత్తరార్కాటు ప్రాంతముల తెలుగువారు ఒప్పందపు కూలీలుగ, డర్బను గల నటాలు సీమలోని చెఱకుతోటల కేగి, గడువు తీఱిన పిదప కొందఱు కూరగాయల సాగునకు దిగిరి. అట్టి భారతీయులు పలువురు నివసించిన డర్బనులోని కాటో మేనర్ ప్రాంతము 1958లో శ్వేతజాతీయుల కని ప్రకటింపబడగా, వేలాది కుటుంబములు వీడవలసివచ్చినది. నౌకల పట్టికలలో కూలీ పేరు, తండ్రి పేరు, కులము, గ్రామము కలవు. పెక్కింటిలో ఇంటిపేరు మాత్రము లేదు. ఆ పట్టికలను భూమి దస్తావేజులతో జతపఱచు పనిలో నేనిప్పుడున్నాను. నటాలులో బంధువులున్నవారు తమ గ్రామమును, ఇంటిపేరును, ఓడ ఎక్కిన పూర్వుని పేరును వ్రాసి కార్యదర్శిగారికి అందజేయుడు. తేదీ తెలియకున్నను ఫరవాలేదు; గ్రామము తెలిసిన చాలును.