గుసుల్ – మన ఇళ్ళలోని స్త్రీల హక్కు



 

గత వారం జుమా నమాజు ముగిసి లేస్తుండగా ఒక పసివాడు మడతపెట్టిన కాగితం మా చేతిలో పెట్టి పరుగెత్తాడు. దానిపై పేరు లేదు. మూడు ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. దాంపత్య కలయిక తరువాత తెల్లవారకముందే స్నానం చేసే వీలు లేని ఇంట్లో ఫజర్ నమాజు సంగతి ఏమిటి? శుద్ధి కావాలంటే మర్మాంగాన్ని లోపలి వరకు మందునీళ్ళతో కడగాలా? రంజాన్‌లో సహరీ వేళకు గుసుల్ కాకపోతే ఆ రోజు ఉపవాసం నెరవేరుతుందా? చదివిన వెంటనే ఆ కాగితాన్ని చించివేశాము. ప్రశ్నలు మాత్రం వారమంతా మమ్మల్ని వదలలేదు.

మింబర్ మీద ఈ మాటలా అని కొందరికి అనిపించవచ్చు. మస్జిదె నబవీ కాలంలోనూ ఇటువంటి మాట వచ్చింది. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) మహాప్రవక్త (స) సన్నిధికి వచ్చి, సత్యం విషయంలో అల్లాహ్ సిగ్గుపడడని ముందుగా విన్నవించి, నిద్రలో స్ఖలనమైన స్త్రీపై గుసుల్ విధి అవుతుందా అని అడిగారు. అక్కడే ఉన్న హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సిగ్గుతో ముఖం కప్పుకున్నారు. మహాప్రవక్త (స) మాత్రం ప్రశ్నను తోసిపుచ్చలేదు. తడి కనిపిస్తే గుసుల్ చేయాలని సూటిగా సెలవిచ్చారు. ధర్మం తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ఎంతగానో మెచ్చుకున్నారు. కాగితం పంపిన సోదరి ఆ స్త్రీల బాటలోనే నడిచింది.

ఇప్పుడు మన గోదావరిఖని ఇళ్ళను ఒకసారి చూద్దాము. రెండు గదుల క్వార్టరు. అందులో అత్తమామలు, మరిది, పిల్లలు. కొడుకు బాయి నుండి షిఫ్టు దిగి వస్తే నీళ్ళు కాగుతూ ఉంటాయి. ఒంటి మీది బొగ్గుమసి కడుక్కోవడానికి అతను ఎంతసేపు స్నానం చేసినా ఎవరూ ఏమీ అనరు. అదే ఇంట్లో కోడలు తెల్లవారుజామున బకెట్టు కదిపితే చాలు, ఒకరు దగ్గుతారు, మరొకరు తలుపు వైపు చూస్తారు. తడి జుట్టు చూసి వదిన నవ్వుతుంది. ఆ నవ్వు చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ దానికి భయపడి ఆ అమ్మాయి మగవాళ్ళు మొదటి షిఫ్టుకు వెళ్ళేవరకు ఆగుతుంది. ఫజర్ పోతుంది. ఇలా నెలలు గడిచేసరికి నమాజు తన వంటి వారికి కాదని అనుకోవడం మొదలుపెడుతుంది. ఒక దైవదాసికి నమాజు దూరమైతే ఆ లెక్కలో దగ్గినవారికీ నవ్వినవారికీ వాటా ఉండదా?

ముందుగా ఆమెకు తెలియవలసిన సౌలభ్యాలు చెబుతాము. కలయిక జరిగిన వెంటనే, అర్ధరాత్రే స్నానం చేయాలన్న నిబంధన లేదు. జనాబత్ స్థితిలో నిద్రపోవచ్చునా అని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, వుజూ చేసుకుని పడుకోవచ్చునని మహాప్రవక్త (స) అనుమతించారు. ఫజర్ సమయం ముగిసేలోగా గుసుల్ చేసి నమాజు చదివితే చాలు. అంతవరకు ఆమె వంట చేయరాదనీ, బిడ్డను ఎత్తుకోరాదనీ, మంచినీళ్ళ బిందె తాకరాదనీ కొన్ని ఇళ్ళలో వినవస్తున్న మాటకు షరీఅత్‌లో ఆధారం లేదు. జనాబత్‌లో ఉన్నానని హజ్రత్ అబూ హురైరా (రజి) మదీనా వీధిలో మహాప్రవక్త (స)ను తప్పించుకుని వెళ్ళి, స్నానం చేసి తిరిగి వచ్చారు. విశ్వాసి అపవిత్రుడు కాడని ఆయన అప్పుడు తెలియజేశారు.

గుసుల్ మనం అనుకునేంత పెద్ద పని కూడా కాదు. హజ్రత్ ఆయిషా (రజి) వర్ణించిన పద్ధతి ఇది: ముందు చేతులు కడుక్కోవాలి. తరువాత ఎడమ చేతితో మర్మస్థానాన్ని శుభ్రపరచుకోవాలి. నమాజుకు చేసినట్టే వుజూ చేయాలి. వేళ్ళు తడిపి జుట్టు కుదుళ్ళలో పోనిచ్చి, తలపై మూడు దోసిళ్ళ నీళ్ళు పోసి, ఆపై ఒళ్ళంతా నీళ్ళు పారించాలి. హనఫీ ఫిఖ్‌లో పుక్కిలించడం, ముక్కులోనికి నీళ్ళు ఎక్కించడం, శరీరమంతా తడపడం, ఈ మూడూ ఫర్జ్. జడ విప్పాలా? హజ్రత్ ఉమ్మె సలమా (రజి) స్వయంగా అడిగారు, తాను జడ గట్టిగా అల్లుకునే స్త్రీనని. అక్కర లేదన్నారు మహాప్రవక్త (స). కుదుళ్ళు తడిస్తే చాలును. స్త్రీలు జడ విప్పాలని అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) చెబుతున్నట్టు తెలిసినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి), ఏకంగా తల గొరిగించుకోమని కూడా చెప్పకపోయారా అని ఆశ్చర్యపోయారట! ఇక నీళ్ళ విషయం. మహాప్రవక్త (స) ఒక సా నీటితో గుసుల్ చేసేవారు. అది దాదాపు మూడు లీటర్లు. మన ఇంటి బకెట్టులో నాలుగో వంతు కూడా నిండదు. పంపు రాని రోజు కూడా అన్ని నీళ్ళు ఇంట్లో ఉంటాయి.

రెండవ ప్రశ్నకు జవాబు: కడగవద్దు. గుసుల్‌లో స్త్రీ తన మర్మాంగపు వెలుపలి భాగాన్ని కడిగితే సరిపోతుంది. లోపలికి నీళ్ళు పంపాలని షరీఅత్ కోరలేదు. వైద్యులు చెప్పేది కూడా ఇదే. యోనిలో మేలుచేసే సూక్ష్మజీవులను సృష్టికర్తే ఉంచాడు. అవి అక్కడ ఆమ్లగుణాన్ని నిలిపి రోగక్రిములను ఎదగనివ్వవు. లోపలి భాగం తనను తాను శుభ్రపరచుకుంటుంది. క్రిమిసంహారక మందులు, సువాసన సబ్బులు లోపలికి చేరితే ఆ రక్షణ దెబ్బతిని, దురద, దుర్వాసన, తెల్లబట్ట ఎక్కువవుతాయి. శుద్ధి కోసమని చేసిన పని రోగం తెచ్చిపెడుతుంది. వెలుపల మామూలు నీళ్ళు చాలు. కడిగేటప్పుడు ముందు నుండి వెనుకకే కడగాలి. లేకుంటే మలద్వారపు క్రిములు మూత్రనాళానికి చేరుతాయి. స్త్రీకి ఆ నాళం చిన్నది కనుక ఇన్ఫెక్షన్ త్వరగా పాకుతుంది. కలయిక తరువాత మూత్రవిసర్జన చేయడం మేలు. అందరూ మేలుకుంటారేమోనని తెల్లవార్లూ బిగబట్టుకుని పడుకోవడం హానికరం.

మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళవలసి రావడం, నడుము నొప్పితో జ్వరం, ఇవి ఉంటే ఇంటి చిట్కాలతో రోజులు గడపరాదు. సింగరేణి పర్మినెంటు కార్మికుని భార్యకు కంపెనీ ఆసుపత్రిలో వైద్యం పొందే హక్కు ఉంది. కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలకు గోదావరిఖనిలోనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. లేడీ డాక్టరును అడిగి చూపించుకోవచ్చు. తీసుకువెళ్ళే బాధ్యత భర్తది. డాక్టరు భర్తను కూడా మందు వాడమంటే అతను మొహం చాటువేయరాదు.

జ్వరంతోనో, ఒంటి మీద ఆపరేషన్ కుట్లతోనో ఉన్న స్త్రీకి నీళ్ళు హాని చేస్తాయని డాక్టరు చెబితే తయమ్ముమ్ ఉంది. ప్రయాణంలో తలకు గాయమైన ఒక వ్యక్తిని సహచరులు స్నానం చేయక తప్పదన్నారు. అతను చేశాడు, మరణించాడు. ఆ సంగతి విని మహాప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. తెలియనప్పుడు అడగకపోయారేమని మందలించారు. అయితే ఇంట్లోవాళ్ళు చూస్తారన్న బిడియం తయమ్ముమ్‌కు కారణం కాజాలదు. అందుకే ఆ బిడియాన్ని తొలగించే పని మిగతావారిపై పడుతున్నది.

భర్తలారా! ఇంట్లో వీలుపడకపోతే మీకు మస్జిదు గుసుల్‌ఖానా ఉంది. మీ భార్యకు ఆ ఇల్లు తప్ప మరో చోటు లేదు. స్నానాల గదికి గడియ బిగించడానికి ఎంత ఖర్చవుతుంది? రాత్రే బకెట్టు నింపి పెట్టండి. చలికాలమైతే మీరే ముందు లేచి నీళ్ళు కాచండి. ఎవరైనా అడిగితే నమాజుకని చెప్పండి, అది అబద్ధం కాదు. మహాప్రవక్త (స), హజ్రత్ ఆయిషా (రజి) ఒకే పాత్రలోని నీళ్ళతో గుసుల్ చేసేవారు. అత్తగార్లకు మా మనవి ఒక్కటే. తెల్లవారుజామున నీళ్ళ చప్పుడు వినబడితే అటు తిరిగి పడుకోండి. మీరు కోడలిగా ఉన్న రోజుల్లో మీకు దొరకనిది ఆమెకు దొరకనివ్వండి.

మూడవ ప్రశ్న మిగిలింది. సహరీ వేళకు గుసుల్ కాకపోయినా ఉపవాసం నెరవేరుతుంది. మహాప్రవక్త (స) జనాబత్ స్థితిలోనే తెల్లవారిన సందర్భాలలో ఉపవాసం పాటించి, తరువాత గుసుల్ చేసేవారని హజ్రత్ ఆయిషా, హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఇద్దరూ తెలియజేశారు. కనుక ఆ సోదరి వుజూ చేసుకుని సహరీ తిని, నియ్యత్ చేసుకోవచ్చు. సూర్యుడు ఉదయించకముందే గుసుల్ ముగించి ఫజర్ చదువుకోవాలి.